పగడాల మీద ఫోకస్ లైటు

"సముద్రానికి లైటు పెట్టిన మగాడు మీలో ఎవడైనా ఉన్నాడా? చెయ్యెత్తండి చూద్దాం. లేడు. ఉండడు. నేను పెట్టాను."

ఆ మధ్యాహ్నం మా ఫోకస్ అలా మొదలుపెట్టాడు. నాటకాల హాల్లో, చెక్క మెట్లెక్కితే వచ్చే ఇరుకు గదిలో కూర్చుని స్టేజి మీదకి లైట్లు తిప్పడం ఆయన జన్మంతా చేసిన పని. అసలు పేరు అందరూ మర్చిపోయారు. హాలు మూసేశారు, ఇప్పుడందులో సిమెంటు బస్తాలు పెట్టుకుంటున్నారు. రోజూ దానికి ఎదురుగా ఉన్న టీ కొట్టుకే వస్తాడు గానీ, వీపు హాలు వైపు పెట్టి కూర్చుంటాడు. కొట్టు పక్కనే నా కుట్టుమిషను. ఆ పూట వినేవాళ్లం నేనూ, టీ కొట్టు అక్కా, ఉత్తరాలు పంచడం అయిపోయి చెప్పులు విప్పుకుని కూర్చున్న పోస్ట్‌మ్యానూ.

"సముద్రం దాకా ఎప్పుడెళ్లారండీ?" అన్నాను సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"నేనెందుకెళ్తానయ్యా? అదే వచ్చింది. మా బావమరిది లేడూ, పళ్ల డాక్టరు, వాడి ఆస్పత్రిలోకి. పేషెంట్లు డ్రిల్లు చప్పుడు వినగానే లేచిపోతున్నార్ట, వాళ్లు కూర్చునే గదిలో కంటికి చల్లగా ఏదైనా ఉండాలిట. గోడ పొడుగునా గాజుతొట్టి కట్టించాడు. మామూలు అక్వేరియం కాదు నాయనా, ఉప్పునీళ్లది. అడుగున పగడాలు. పగడాలంటే ఉంగరంలో పెట్టుకునే రాళ్లనుకునేరు, కాదు, ప్రాణమున్నవి, పువ్వుల్లా విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి, వాటికి సగం తిండి వెలుతురే. వాడు ఇలాంటి తొట్టి పెట్టడం ఇదే మొదటిసారి. పళ్లు తప్ప వాడికేం తెలుసు? 'బావా, నువ్వొచ్చి లైటు చూసి పెట్టకపోతే నా పరువు పోతుంది' అని ఫోన్లో బతిమాలాడు. ఇంచుమించు ఏడ్చాడనుకోండి."

"మీ బావమరిది ఏడ్చాడా?" అంది అక్క. "మొన్న కార్లో వెళ్తూ మిమ్మల్ని చూసి అద్దం పైకెత్తుకున్నాడే!"

"దుమ్మమ్మా. వాడికి దుమ్ము పడదు." ఫోకస్ ఖాళీ గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. "వాడింటికి భోజనానికి పిలుస్తాడు. పిలిచి, 'బావా, పై గదిలో ఫ్యాను తిరగట్లేదు, ఒకసారి చూడు' అంటాడు. తినేది భోజనమో కూలో నాకే తెలీదు. సరే, అదలా ఉంచండి. చేపల షాపుకెళ్లాం. షాపువాడు పలక లాంటి సన్నటి ఎల్‌ఈడీ ఒకటి తెచ్చాడు, నీలం ఎక్కువ, తెలుపు తక్కువ. తెచ్చి ఏమంటాడూ, 'మొదట్లో బాగా తగ్గించి పెట్టండి, పగడాలకి అలవాటయ్యేకొద్దీ కొంచెం కొంచెం పెంచండి, సాయంత్రానికి ఆర్పేయండి' అంటాడు. నాకు! లైటు తగ్గించమని నాకు చెప్తాడు! నేను లైటేస్తే అట్టతో చేసిన చెట్టు నీడలో నిజం మనిషి కునుకు తీసేవాడు. వాన సీనుకి నీలం కాగితం అడ్డం పెడితే ముందు వరసవాళ్లు తుమ్మేవాళ్లు."

"తుమ్మారా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"గొడుగులే విప్పారు. వెనకవాళ్లు మాకేం కనపడట్లేదని గోల. అయితే ఏం లాభం, చప్పట్లన్నీ ఏడుపు సీను చేసినవాడికి. వాడి కన్నీళ్లు మెరిసింది ఎవడి దీపానికి? నాటకం అయ్యాక కిందికి దిగొస్తే గేటు దగ్గర నన్ను టికెట్టడిగేవాళ్లు. అన్నేళ్లూ అడిగారు." చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "హాలు సామానంతా తుక్కుకి వేస్తుంటే నా పెద్ద ఫోకస్ దీపం ఒక్కటి ఇంటికి మోసుకొచ్చి మంచం కింద పెట్టుకున్నాను. మా ఆవిడ దాన్ని సవతి అంటుంది. ఆ సవతిని తీసుకెళ్లి, షాపువాడి పలక ఊడబీకి, తొట్టిపైన వేలాడగట్టి స్విచ్చి వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఫ్యూజు పోయింది," అంది అక్క.

"పోయింది. వీధి మొత్తానికి పోయింది. నా దీపం మాత్రం వెలుగుతూనే ఉంది! ఇన్నేళ్లు తాగిన కరెంటు దాని కడుపులోనే ఉంది మరి. ఆ వెలుగు పడగానే పగడాలన్నీ ఒక్కసారి విచ్చుకుని ఇలా, ఇలా, ఇలా ఊగాయి. ఏంటవి? చప్పట్లు! స్టేజి మీదవాడికి కాదు, నాకు. తలెత్తి నా వైపు చూసి కొట్టాయి. ఇక చేపలు చూడాలి. నారింజ చారల చేప ఒకటి సరిగ్గా వెలుతురు పడ్డచోట నిలబడి, నోరు తెరిచి మూసి, తోకతో దణ్ణం పెట్టి కుడిపక్కనుంచి వెళ్లిపోయేది. అది వెళ్తేగానీ రెండోది వచ్చేది కాదు. ఒక రొయ్య మాత్రం వేషం ఇవ్వలేదని అలిగి రాతి చాటున కూర్చుంది. దాని నీడ ఎదుటి గోడ మీద ఏనుగంత పడింది. పన్ను పీకించుకోడానికొచ్చిన ఒకాయన ఆ మీసాలు చూసి కెవ్వుమన్నాడు, అంతే, పన్ను దానంతటదే ఊడి ఒళ్లో పడింది. మా బావమరిది ఫీజడిగితే, 'పీకింది రొయ్య, ఇస్తే దానికిస్తా' అన్నాడు."

పోస్ట్‌మ్యాన్ పొలమారి టీ చొక్కా మీద పోసుకున్నాడు. నేను మిషను ఆపేశాను. మేం నవ్వేకొద్దీ ఫోకస్ వెన్ను నిటారవుతోంది.

"మర్నాటికి ఆ వీధిలో పొద్దుతిరుగుడు పువ్వులు తూర్పు సంగతి మర్చిపోయి ఆస్పత్రి వైపు తిరిగాయి. ఆడవాళ్లు తడిబట్టలు పట్టుకొచ్చి ఆస్పత్రి కిటికీ ముందు ఆరేశారు. సూర్యుడొచ్చాడు. చూశాడు. తన చోట ఎవరో వెలుగుతున్నారు. 'నా బదులు ఎవరినో పెట్టుకున్నారు, ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు' అని మబ్బు చాటుకి పోయి కూర్చున్నాడు." ఫోకస్ ఖాళీ గ్లాసు పక్కకి జరిపాడు. "అలాగే చేస్తారు. ఎవడికీ ముందు చెప్పరు. పొద్దున్నే పనికెళ్తే గేటుకి తాళం ఉంటుంది. నీ క్యారియరు పట్టుకుని నువ్వు రోడ్డు మీద నిలబడతావు, లోపలికెళ్లి నీ కుర్చీ మీది తువ్వాలు తెచ్చుకోడానికి కూడా ఎవడో సిమెంటువాణ్ని అడగాలి."

అక్క ఆయన గ్లాసు మళ్లీ నింపింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు గబుక్కున, మా మౌనం నచ్చనట్టు. "సముద్రం మనకి ఎంత దూరం? రైల్లో రోజంతా ప్రయాణం. అక్కడెక్కడో ఓ ఓడ కెప్టెన్ నా వెలుగు చూసి లైట్‌హౌస్ అనుకున్నాడు. నాకు ఫోన్ చేశాడు. 'అయ్యా, కాస్త తగ్గించండి, లేకపోతే ఓడ తిన్నగా మీ బజార్లోకి వచ్చేసేలా ఉంది' అని."

"నీ నంబరు వాడికెలా దొరికిందిరా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"లైట్ల మనిషి కావాలని ప్రపంచంలో ఎవడడిగినా నా నంబరే ఇస్తారు. ఇచ్చేవాళ్లు."

అప్పుడు చూశాను నేను. ఆయన వెనక, కొట్టు పందిరి గుంజ పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. ఆవిడ తమ్ముడి ఆస్పత్రిలోనే పేషెంట్ల పేర్లు పిలిచే పని చేస్తుంది. ఆ వేళకి అక్కడుండాల్సిన మనిషి. చేతిలో గుడ్డసంచి, అందులోంచి ఆవిడ కుర్చీలో వేసుకునే దిండు బయటికి పొడుచుకొచ్చి ఉంది. నేను కళ్లతో ఫోకస్‌కి సైగ చేశాను. అంత ఊపులో ఉన్నవాడికి సైగలేం కనపడతాయి?

"అసలు గొప్ప ఇప్పుడు చెప్తా వినండి. తెచ్చినప్పుడు ఆ పగడాలెలా ఉన్నాయి? ఒకటి ఊదా, ఒకటి పాచిరంగు, ఒకటి ఇటుకరంగు, సంతలో రిబ్బన్లలాగా. నా లైటు కింద అన్నీ తెల్లబడ్డాయి! ఒక్కటి మిగలకుండా! పాలు నలుపు, ముత్యం నలుపు వాటి ముందు. ఏ సముద్రంలోనూ ఎవడూ చూడనంత తెలుపు. మా బావమరిది డబ్బు పుచ్చుకుని పళ్లు తెల్లగా చేస్తాడు, నేను ఊరికే సముద్రాన్నే తెల్లగా చేసి చూపించాను. వాడు తొట్టి ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. మాట రాలేదు. నా ముఖంలోకి చూడలేకపోయాడు వెధవ, అంత వెలుగు!"

"తెల్లబడటమంటే చచ్చిపోవడం," అంది ఆయన భార్య.

ఫోకస్ తల తిప్పాడు. "నువ్వెప్పుడొచ్చావు?"

"ఓడ కెప్టెన్ మీకు ఫోన్ చేసినప్పుడు."

పోస్ట్‌మ్యాన్‌కి నవ్వొచ్చింది. నోరు నొక్కుకుని, కిందికి వంగి చెప్పులు వెతుక్కున్నాడు.

ఆవిడ గొంతు పెంచలేదు. పేషెంట్ల పేర్లు పిలిచే గొంతుతోనే చెప్పింది. "దీపం వేలాడగట్టి, ఆర్పకుండా వచ్చేశారు. మర్నాడు ఆదివారం, ఆస్పత్రి తియ్యలేదు. సోమవారం మా తమ్ముడు తొట్టిలో చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్లలా ఉంది. చేపలన్నీ తేలిపోయాయి. ఆ తెల్లటివన్నీ నేనే ఏరి బకెట్లో వేశాను. వాసన ఇంకా చేతులకి వదల్లేదు."

"అది కాదే, వాడే కదా నన్ను బతిమాలింది..."

"వాణ్ని బతిమాలింది నేను. మీరు పగలంతా గోడకేసి చూస్తూ కూర్చుంటుంటే చూడలేక, మీ బావకి ఏదో ఒక పని చెప్పరా, చిన్నదైనా సరే అని అడిగాను. లైటు మేమే తగిలిస్తామని షాపువాళ్లన్నారు. వాడే వద్దన్నాడు, నా మొహం చూసి."

ఫోకస్ బల్ల అంచు పట్టుకున్నాడు. "మరి వాడు నన్నేం అనలేదే?"

"తప్పు మీ మీదికి రానిస్తే కదా. ఆ దీపం నేనే పెట్టమన్నానని, ఆర్పడం నేనే మర్చిపోయానని చెప్పాను. మీకు ఆ ఒక్క గుమ్మం కూడా లేకుండా పోతుందని." సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఇవాళ పిలిచి, 'అక్కా, కొన్నాళ్లు ఇంట్లో ఉండు, వేరే అమ్మాయిని చూసుకుంటాను' అన్నాడు. మర్యాదగానే అన్నాడు. టీ కూడా ఇప్పించాడు."

అక్క పొయ్యి మంట తగ్గించింది. ఫోకస్ తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"లైటు మంచిదే," అన్నాడు చివరికి, చాలా మెల్లిగా. "నీళ్లే తట్టుకోలేకపోయాయి."

"అవును," అందావిడ. "హాలు మూసినప్పుడు తప్పు జనానిది. ఇప్పుడు నీళ్లది."

ఇంటివైపు నడిచింది. ఆయన కోసం ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఫోకస్ సగం లేచాడు, మళ్లీ కూలబడ్డాడు. మా ముగ్గురి మొహాల్లోకీ వరసగా చూశాడు, ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని.

ఎవరం అడగలేదు.