ముహూర్తం రోజుకి అండమాన్ టికెట్

కూతురి శుభలేఖ పట్టుకుని చెల్లెలు రాజాంలోని అన్నగారింటికి వచ్చేసరికి, ఆయన ఫోనులో అండమాన్ దీవులు రెండింటి ఫొటోలు చూస్తున్నారు.

“రెండు దీవుల్లోనూ పగడపు దిబ్బలున్నాయమ్మా. మీ వదిన సూడాలని ఆశపడేది. ఏది బాగుంటాది, సెప్పు.”

“ఎప్పుడెల్తన్నావన్నయ్యా?”

“పద్నాలుగున.”

“అదే కదా పెళ్లిరోజు! మేనమామవి, పెళ్లికూతుర్ని బుట్టలో ఎత్తి తేవాల్సినోడివి!”

“ముహూర్తం తెలిసాకే ఆ తారీకు ఎంచినాను.”

“ఏటన్నయ్యా, ఇంత కక్షా?”

“మీ వదిన పోయిననాడు మీ ఇంటినుంచి ఒక్కరూ రాలేదు.”

“పెళ్లి మాటలవుతన్నాయి, సావింటికెల్లొద్దని మీ బావ ఆపేసినాడు. నా పిల్ల ఏటి సేసినాది?”

“ఏమీ సెయ్యలేదు. పాడె మోయడానికి నాలుగో మనిషి లేక, పాలు పోసే ఎర్రయ్యని బతిమాలినాను. బుట్ట ఎత్తడానికి మీరూ అతన్నే పిలుసుకోండి. నెంబరు సెప్తాను, రాసుకో.”