హార్డెస్టీగారు నా పెళ్లి చేసిన మంగళవారం

నా పేరు కెజయా స్ట్రౌడ్. వయసు ఇరవై రెండు. మగ్గం నేస్తాను. కెంటకీ రాష్ట్రం, మిల్‌రేస్ ఊరు. 1838 సెప్టెంబరు 3న మేజిస్ట్రేటుగారి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను.

ఓబద్యా హార్డెస్టీగారు పద్నాలుగేళ్లు మా చర్చి పాస్టరు. పాస్టరుగా పనిచేస్తూ శాసనసభలో కూర్చోకూడదని మా రాష్ట్రంలో చట్టం. అందుకని మార్చిలో చర్చి వదిలేసి, పొగాకు రైతునంటూ పోటీకి నిలబడ్డారు. ఎన్నికల ప్రసంగాలు ఆయనకు చేతకాలేదు. రోడ్ల గురించి నాలుగు ముక్కలు చెప్పి చెమట తుడుచుకునేవారు. చూస్తే జాలేసేది.

ఆగస్టు 7, మంగళవారం, మూడు రోజుల ఓటింగులో రెండో రోజు. పదకొండింటికి మా ఇంట్లో నా పెళ్లి. పదిన్నరకు కబురొచ్చింది, పెళ్లి చేయాల్సిన పాస్టరుకు చలిజ్వరమని. వంటలైపోయాయి. పెళ్లికొడుకు లెమ్యుయెల్ మర్నాడే సరుకు పడవలో న్యూ ఆర్లీన్స్ వెళ్లాలి, మూడు నెలల దాకా రాడు. ఓట్లడగడానికి వచ్చిన హార్డెస్టీగారు అప్పుడు మా వాకిట్లో ఉన్నారు. మా అమ్మ ఆయన్ని అడిగింది.

"నేనిప్పుడు పాస్టర్ని కాదమ్మా," అన్నారు.

"పాస్టరు కోటు విప్పావు సరే, నోరెక్కడ పెట్టావు నాయనా?" అంది అమ్మమ్మ.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఈ పెళ్లి చేస్తే నా సీటు పోతుందవ్వా," అన్నారు. నేను ఏడుస్తున్నాను. నా వైపు చూసి, "పోతే పోనీ. ఇద్దరూ ఇలా వచ్చి నిలబడండి," అన్నారు.

ప్రమాణాలు చేయించాక ఆగలేదు. ఐదు నెలలుగా వాక్యం చెప్పకుండా నోరు కట్టేసుకున్న మనిషి. బైబిల్లో నోవహు దగ్గర ఎత్తుకుని, యేసు వెళ్లిన కానా ఊరి పెళ్లి దాకా వచ్చారు. మాంసం చల్లారింది. బాబాయి రెండుసార్లు గడియారం తీసి చూపించాడు. ఆయన చూడలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నాకూ చాలా సంతోషమైంది. మాంసం చల్లగానే తిన్నాం.

ఆయన పదకొండు ఓట్లతో గెలిచారు. ఓడిపోయిన లాయరు పికెట్‌గారు, నా పెళ్లి చేశారు కాబట్టి హార్డెస్టీగారు ఇంకా పాస్టరేనని ఫిర్యాదు చేశారు. ఆయన పాస్టరైతే సీటు పోతుంది. కాకపోతే నా పెళ్లి చెల్లదు. నిన్న హార్డెస్టీగారి తరఫువాళ్లు ఆయనకు చెప్పకుండా మా ఇంటికొచ్చారు. "పెళ్లి చేసింది మీ బాబాయని చెప్పమ్మాయ్. మీ ఆయన వచ్చాక ఘనంగా మళ్లీ చేయిస్తాం," అన్నారు. మళ్లీ ఎందుకు? నాకు ఒక్కసారికే బాగా జరిగింది.

పెళ్లి చేసింది హార్డెస్టీగారే. పాస్టరుగానే చేశారు. గంటసేపు ప్రసంగం కూడా చెప్పారు.

ఈ మాట రాస్తుండగా, గదిలో కూర్చున్న హార్డెస్టీగారు లేచి, "గంటా ఇరవై నిమిషాలమ్మా. సరిగ్గా రాయించు," అన్నారు. అది కూడా రాయాలా అని గుమాస్తా అడిగాడు. హార్డెస్టీగారే రాయమన్నారు.

గంటా ఇరవై నిమిషాలు.

రాసింది నాకు చదివి వినిపించారు. అన్నీ నేను చెప్పిన మాటలే, అన్నీ నిజాలే.

సంతకం:
కెజయా స్ట్రౌడ్,
లెమ్యుయెల్ స్ట్రౌడ్ భార్య