ఖాళీగా ఎండుతున్న బల్లలు

హుదూద్ తుపాను మరుసటేడు. సముద్రపొడ్డున చేపలు ఎండబెట్టేందుకు వేసిన కొత్త వెదురు బల్లలు ఖాళీగా ఎండుతున్నాయి. ఆడవాళ్ళ సంఘం ప్రెసిడెంటు నీలవేణి వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. పక్కన పెద్ద తోటికోడలు గౌరి తాపీగా ఇసక మీద నెత్తళ్ళ చేపలు పరుస్తోంది.

“అప్పా, మద్దేనం బల్లలిచ్చిన సార్లొస్తారు. బల్లల మీద ఒక్క సేపా నేదు!”

“ఇసకైతే కిందనుంచీ కాల్తాది. మనత్త కాడ్నించీ ఇంతే కదే.”

“పంటికింద ఇసక తగిల్తే ఎవులు కొంతారు? మీటింగులో అందరూ తలకాయలూపినారు కదా!”

“ఊపినారు. తెల్లారి లెగిసి నీ ఇంటెనక్కి తొంగిసూసినారు.”

నీలవేణి ఖాళీ బల్లని కొంగుతో తుడవబోయింది.

“అక్కడ ఇసక మీద ఎండతన్నయి ఎవులియే?”

“నాయే. బల్ల మీద సరిగ్గా ఎండకపోతే ఏటైపోతామోనని బయమేసినాదప్పా.”

“నీకే బయమేస్తే మాకెయ్యదేటి?”

నీలవేణి ఇంటివైపు పరుగెత్తింది. తన నెత్తళ్ళన్నీ తట్టకెత్తి తెచ్చి, బల్ల మీద కుమ్మరించబోతూ ఆకాశంకేసి చూసింది. పడమట చిన్న మబ్బు.

“ఆకాసం కాదే, ఎనక్కి సూడు,” అంది గౌరి.

ఆడవాళ్ళంతా లేచి నిలబడి, ఆమె చేతులకేసే చూస్తున్నారు.