సింగపూర్ కాగితం

1990 ఆగస్టు. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించి పన్నెండు రోజులైంది. కువైట్ సిటీ శివారు ఖైతాన్‌లో ఇంజనీరు సుబ్రహ్మణ్యం తన కూతురి టీచరు జ్ఞానప్రసూనను ఫ్లాటు గుమ్మంలోనే నిలేశాడు. కూర్చోమనే మర్యాద కూడా ఆయనకు ఆ పూట గుర్తులేదు.

“పాస్‌పోర్టు తెచ్చారా లేదా? ఒక్క మాటలో చెప్పండి టీచరుగారూ.”

“పొద్దున్నే సిటీకి వెళ్ళానండీ. సగం దూరం నడిచే వెళ్ళాను. ట్రావెల్స్ ఆఫీసు షట్టరు విరగ్గొట్టేశారు, లోపల...”

“తెచ్చారా, లేదా?”

“కాలిపోయాయండీ. పదిహేనుమంది పిల్లలవీ.”

“కాలిపోయాయి! ఎంత తేలిగ్గా అనేశారండీ!”

“తేలిగ్గా అనలేదు. మా అబ్బాయి ఫణిది కూడా అందులోనే ఉంది.”

“మీవాడి సంగతి మీరు చూసుకోండి. నాకు రేపు పొద్దున జోర్డాన్ బస్సు. మూడు సీట్లు. ఏ కాగితమూ లేని పిల్లని సరిహద్దు దాటనివ్వరట. ఏం చెయ్యమంటారు, నిత్యని ఇక్కడొదిలేసి పొమ్మంటారా?”

“అందుకేనండీ వచ్చాను. ముందిది తీసుకోండి. ఎంబసీలో...”

“ఏంటిది? ‘సింగపూర్‌లో మన విద్యార్థులు చూడవలసినవి, చేయవలసినవి.’ ఓహో! చదవాలా? చదువుతాను. ‘మొదటి రోజు, పక్షుల పార్కు. రెండో రోజు, కేబుల్ కారు...’”

“అటు కాదండీ, ఒక్క నిమిషం...”

“‘మూడో రోజు, నదిలో పడవ షికారు. తరచూ వాన పడుతుంది గనుక అందరూ గొడుగులు తెచ్చుకోవాలి.’ గొడుగులు! వీధి మలుపులో ట్యాంకు నిలబడుంటే ఈవిడ గొడుగులంటోంది!”

“అది జులైలో రాసిందండీ.”

“జులైలోనే చెప్పాను, పాస్‌పోర్టులు ఇంకొకళ్ళ చేతిలో పెట్టకూడదని. విన్నారా? ‘గ్రూపు వీసా అండీ, అన్నీ ఒకేచోట ఉండాలండీ’ అన్నారు!”

“‘మా అమ్మాయిని కూడా చేర్చుకోండి’ అని మీరే కదండీ రెండుసార్లు మా ఇంటికొచ్చారు?”

“అది వేరే సంగతి.”

“నాన్నా...”

“నువ్వు లోపలికెళ్ళు నిత్యా!”

“కాదు నాన్నా, ఆ కాగితం...”

“వెళ్ళమన్నానా? ‘నాలుగో రోజు సాయంత్రం, బజార్లలో స్వేచ్ఛగా తిరగడం.’ ఖుబ్జ్ రొట్టె కోసం కిందికి దిగాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటున్నాం ఇక్కడ. స్వేచ్ఛగా తిరగడమట! ఇదిగో మీ పక్షుల పార్కు! ఇదిగో మీ కేబుల్ కారు! ఇదిగో...”

“అయ్యో, చింపకండి! సుబ్రహ్మణ్యంగారూ, మీకు దణ్ణం పెడతాను, చింపకండి!”

“చింపాను. ఏం? ఏం పోయింది?”

“నిత్యా, ఆ తలుపు మూయమ్మా. ముక్కలు మెట్ల మీదికి ఎగిరిపోతాయి.”

“ఏంటా ఏరుకోవడం? ఏం పోయిందని అడుగుతున్నా!”

“రెండోవైపు చూడలేదు కదండీ మీరు. వీసా కోసం పెట్టిన కాగితం ఇది. వెనక పదిహేనుమంది పిల్లల ఫోటోలు, పాస్‌పోర్టు నంబర్లు, వాటి మీద మన ఎంబసీ సీలు. ఇది పట్టుకొస్తే సాయంత్రానికల్లా పిల్లలందరికీ తాత్కాలిక పాస్‌పోర్టులు రాసిస్తామన్నారు. రెండు కాపీలుండేవి. ఒకటి ఆఫీసుతోపాటే కాలిపోయింది.”

“...ముందే చెప్పొచ్చు కదా.”

“చెప్పనిచ్చారా?”

“నిత్యా! గుప్పెడు అన్నం మెతుకులు తేమ్మా, అతికిద్దాం. త్వరగా!”

“మెతుకులెక్కడివి నాన్నా? మనం అన్నం తిని నాలుగు రోజులైంది.”