పన్నెండో నంబరు బండిలో మంట

డిపో గేటు ఎదుటి టీకొట్టు బెంచీకి సరిగ్గా మధ్యలో పెద్ద డ్రైవరు కూర్చున్నాడంటే కోతలు మొదలవుతాయని అర్థం. ఆ రోజు మాత్రం ఆయనకి ఎదురుగా బావమరిది కాగితం, పెన్నుతో కూర్చున్నాడు. ఆ బావమరిది అదే డిపోలో మెకానిక్కు. నిన్న సాయంత్రం ఖాళీగా డిపోకి వస్తున్న పన్నెండో నంబరు బస్సులో మంటలార్పే సిలిండరు తెరుచుకుని ఇంజనంతా తెల్లపొడి కమ్మేసింది. ఎందుకు తెరుచుకుందో రాసి మధ్యాహ్నంలోగా మేనేజరుకివ్వాలి. పెద్ద మంటైతే బండి తుక్కుకి పోతుంది, అది డిపో రూలు. పద్దెనిమిదేళ్లుగా పెద్ద డ్రైవరు ఆ పన్నెండో నంబరు తప్ప ఇంకో బండి స్టీరింగు ముట్టలేదు. అదంటే ఆయనకి ప్రాణం.

"చెప్పు బావా, ఏం జరిగింది?"

"ఏముందిరా, కాస్త పొగ."

అంతటితో ఊరుకుందామనే వచ్చాడాయన. కాస్త పొగైతే బండికీ ఢోకా లేదు, తన పరువుకీ ఢోకా లేదు. కానీ టీకొట్టు ఆవిడ గ్లాసు అందిస్తూ, "కాస్త పొగకే అంత పొడా అన్నా?" అంది. ఇక ఆయన నాలుక ఆయన మాట వినలేదు.

"కాస్తంటే మామూలు వాళ్లకి కాస్త కాదమ్మా. మూడు కిలోమీటర్ల ముందే నాకు వాసన తగిలింది, ఇంకా మంట పుట్టనే లేదు, పుట్టబోయే మంట వాసన అది. అద్దంలో చూద్దును కదా, బండి వెనక మేడంత మంట! ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"ఆపేసి దిగావా?" అన్నాడు పక్కనున్న కుర్ర డ్రైవరు.

"దిగితే నువ్వు. నేను తొక్కాను. ఎంత తొక్కానంటే మంట వెనకబడిపోయింది. రెండు మలుపులు తిరిగాక వెనక్కి చూస్తే అది రొప్పుతూ వస్తోంది, పాపం."

బావమరిది తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. "మంట ఎత్తు, మేడంత. ఎన్నంతస్తులు బావా?"

"మూడు వేసుకో."

"సిలిండరు ఎలా తెరుచుకుంది? ఇంజను చుట్టూ తిప్పిన గొట్టం వేడికి చిట్లిందా, నువ్వు సీటు పక్కన ఎర్రపిడి లాగావా?"

"రెండూ! గొట్టం దాని పని అది చేసింది, నేను పిన్ను పీకి పిడి లాగి నా పని నేను చేశాను. పొడి లేచిందయ్యా, మా మంట ఆరింది, వీధిలో ఇళ్లలో పొయ్యిలారాయి, ఫ్యాక్టరీ పొగగొట్టం ఆరింది. సూర్యుడు నిన్న పావుగంట ముందే అస్తమించాడు, గమనించారా?"

"మబ్బేమో అనుకున్నాను," అంది టీకొట్టు ఆవిడ చాలా సీరియస్‌గా.

బావమరిది పెన్ను మూసి కాగితం ముందుకి తోశాడు. "సంతకం పెట్టు బావా. రేపు పొద్దున తుక్కు లారీ వస్తుంది."

పెద్ద డ్రైవరు గేటు వైపు తిరిగాడు. గేటు లోపల పన్నెండో నంబరు, ముఖాన ఒక లైటు కాస్త వంకరగా, ఆయన వైపే చూస్తున్నట్టు నిలబడి ఉంది.

"మూడంతస్తులు అన్నానా? రెండురా. అదీ దూరం నుంచి చూస్తే."

"రెండైనా తుక్కే."

"పొయ్యి మంటంత... కాదు, అగ్గిపుల్లంత."

"గొట్టం ఎక్కడా చిట్లలేదు బావా, పొద్దున్నే చూశాను. ఇంజను మీద మసి మచ్చ లేదు. పిడికి మాత్రం ఇది వేలాడుతోంది." బావమరిది జేబులోంచి తెగిన గుడ్డపట్టీ తీసి బెంచీ మీద పెట్టాడు. నీలం పూల పాత కర్టెన్ గుడ్డ. "మా అక్క కుట్టిన క్యారియర్ సంచి పట్టీ. సంచి తగిలించుకోడానికి అడ్డమని, పిడి కదలకుండా ఆపే పిన్ను ఎప్పుడు పీకేశావు?"

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. అదే ఆయనకి ఎక్కువ సిగ్గనిపించింది. పరువా, బండా అని ఆలోచించడానికి ఒక గుక్క టీ పట్టింది.

"ఆర్నెల్లయింది," అన్నాడు నేల చూస్తూ. "స్పీడ్ బ్రేకరు దగ్గర బండి ఎగిరింది. సంచి పిడిని లాక్కుని కింద పడింది. మంటా లేదు, మన్నూ లేదు."

బావమరిది పాత కాగితం చింపి కొత్తది తీసి, 'కారణం: క్యారియర్ సంచి. మంట లేదు. కొత్త సిలిండరు, పిన్ను వేసి బండి నడపవచ్చు' అని రాశాడు. పెద్ద డ్రైవరు సంతకం పెట్టి, బండి వైపు ఒకసారి చూసి, హమ్మయ్య అనుకున్నాడు. తర్వాత కాగితం వదలకుండా బావమరిది చెవి దగ్గరికి వంగాడు.

"సంచి బరువైనా ముప్పై కిలోలని రాయరా."