పేరు రాయని సీడీ

పర్చూరు. ఆదివారం మధ్యాహ్నం. చర్చి క్వయర్ మాస్టరు కరుణాకర్ పాత సీడీలు ఒక్కొక్కటే అందిస్తుంటే, భార్య సఫూరా లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తోంది.

“ఇది వద్దు. తీసెయ్.”

“పెట్టి రెండు నిమిషాలు కాలేదండీ.”

“రెండు నిమిషాలెందుకు? మిరపకాయ కొరికిన మేకలాగా ఆ గొంతేంటి! నాలుగు వేల మంది సభలో పాడాడంట. నాలుగు వేల మందికీ చెవుల్లేవా?”

“అట్ట మీద ‘గురువుగారికి ప్రేమతో’ అని రాసిచ్చాడు పాపం.”

“ప్రేముంటే సరా, శ్రుతి ఉండొద్దూ? తర్వాతది.”

“దాచేపల్లి వాళ్ళది. సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో క్రిస్మస్‌కి…”

“గొంతుల్లోనూ సిమెంటే. తీసెయ్.”

“అన్నీ తీసేస్తే ఇంక ఎక్కించేదేముంది?”

“నేను నేర్పించినవి ఎక్కించు. చాలు. ఆ అడుగునున్నదేంటి, పేరు రాయలేదు?”

“అదా… గీతలు పడింది. వదిలెయ్యండి.”

“పెట్టవే. ఎవడి దరిద్రమో చూద్దాం.”

“మీకు నచ్చదు.”

“ఇందాకటి నుంచి నచ్చినవే విన్నామా? పెట్టు.”

“పెట్టా.”

“ఊఁ… ఎవరో ఆడమనిషి… ఆగు. తియ్యకు!”

“తియ్యలేదండీ.”

“‘ఎండిన కాయలో ఎరుపు దాచినోడా’… ఏం మాట! ఎవరు కట్టారిది?”

“ఎవరో మిరప కోతల్లో కట్టుకున్నదిలెండి.”

“గొంతు చూడు, ఎక్కడా జారదు. వెనక ఆ హార్మోనియం వెధవెవడో గానీ… అదుగో, మళ్ళీ తప్పాడు! వాడి చేతులు విరగ్గొట్టాలి.”

“అది మీరేనండి.”

“ఏంటీ?”

“హార్మోనియం మీరే. రెండు వేల ఆరులో, మన మందిర ప్రతిష్ఠ రోజు.”

“మరి ఆ గొంతు…”

“నాదే. పాట మా అమ్మది.”

“నువ్వు… నువ్వు పాడావా? నాకు గుర్తే లేదే.”

“మర్నాడు మీరన్న మాట నాకు గుర్తుంది.”

“ఏమన్నా?”

“‘చేలో కూలోళ్ళ పాటలు నా క్వయర్‌లో వద్దు’ అన్నారు. నన్ను వెనక బెంచీకి పంపారు.”

“ఏదో… చిన్నతనం.”

“ముప్పై ఎనిమిదేళ్ళు మీకప్పుడు.”

“సరే, సరే. ఇప్పుడు నేనే అంటున్నాగా. ఈ ఈస్టర్‌కి ముందు వరసలో నువ్వే. ఆ పాటే. కొంచెం నేను సరిచేసి…”

“వద్దండి.”

“ఏం, గొంతు పోయిందా? ఇరవై ఏళ్ళు నోరు మూసుకుంటే పోదూ మరి!”

“నోరెక్కడ మూసుకున్నా? శనివారం శనివారం వేటపాలెం పోతా గదా.”

“మీ అక్కని చూడటానికి.”

“అక్కని చూసేది పది నిమిషాలు. మిగతా పొద్దంతా జీడిపప్పు వొలిచే ఆడోళ్ళకి పాటలు నేర్పుతా. తొమ్మిదేళ్ళయింది.”

“కూలోళ్ళకా? వాళ్ళకేం వస్తుందే పాట!”

“మొన్న బాపట్ల పోటీల్లో మీరే జడ్జిగా కూర్చుని ఓ ఆడోళ్ళ జట్టుకి ఫస్టు ప్రైజిచ్చి, ‘మీ గురువెవరమ్మా, కాళ్ళకి దణ్ణం పెట్టాలి’ అని మైకులో అడిగారే… వాళ్ళే. నా పేరు చెప్పొద్దని నేనే చెప్పి పంపా.”