రెండోదీ పోతే?

అధ్యక్షస్థానంలో కూర్చుని, ఈయన ఇవాళైనా త్వరగా తెముల్చుతాడా అని గడియారం చూసుకుంటున్న డైరెక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో టీ కోసం ఎదురుచూస్తున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

రైలు బ్రేకులు తయారుచేసేది మీరు. అవి విఫలమయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టి, సంతకం పెట్టాలో వద్దో తేల్చేది నేను. ఎవరేం చూపించినా "అది పోతే?" అంటానని నాకు "పోతేగారు" అని పేరు పెట్టారు. తెలీదనుకున్నారా? ఇంట్లో మా ఆవిడా అలాగే పిలుస్తుంది. ముందు వరుసలో కూర్చుని నవ్వుతావేం, నువ్వు పిలవట్లేదూ?

అదుగో, తల దించుకున్న డిజైన్ పెద్దాయన, నేను బావా అని పిలిచే మనిషి, ఒకసారి "ఒక బ్రేకు వెయ్యిసార్లకోసారి పోతుంది, రెండోదీ అంతే, రెండూ కలిసి పోవాలంటే పదిలక్షలకోసారి, ఇంకేం కావాలి బావా?" అన్నారు. గుణకారం సరైనదే. కాకపోతే, రెండింటికీ ఏ సంబంధమూ లేకపోతేనే ఆ లెక్క చెల్లుతుంది. రైలు పెట్టె కిందికి దూరి చూస్తే రెండింటి తీగలూ ఒకే గొట్టంలో ఉన్నాయి. అందులోకి నీళ్లు దిగితే రెండూ ఒక్కసారే పోతాయి. నేను సంతకం పెట్టలేదు, రైలు బయటికి రాకుండా ఆగిపోయింది, బావ నాతో మాటలు మానేశారు, గొట్టాలు వేరుచేశాం. ఆ తర్వాత ఏమీ జరగలేదు. "ఏమీ జరగలేదుగా, మరెందుకంత రాద్ధాంతం?" అని అడిగేవాళ్లు. బాధగానే ఉండేది, దాచడమెందుకు.

అసలు భయం వేరే. నేను వెళ్లాక అడిగేవాళ్లెవరు? పోయినేడే రిటైరవ్వాల్సినవాణ్ణి, ఆ భయంతోనే ఉండిపోయాను. నా కుర్చీలోకి వస్తున్న అమ్మాయికి పని నేర్పాను. కొత్త రైలు లెక్క నేను చేశాను, తను విడిగా సరిచూసింది. ఈ ఉదయం సంతకానికి కాగితాలు ముందు పెడితే తను కలం తియ్యలేదు.

"విడివిడిగా చూశామని రాశారు సార్. కానీ నాకు నేర్పింది మీరే కదా? మీరు పొరబడిన చోటే నేనూ పొరబడతాను. మీ దగ్గర నేర్చుకోనివాళ్లెవరైనా చూశాకే పెడతాను."



ఇన్నేళ్లూ గొట్టాలు వెతికాను గానీ, మా ఇద్దరి బుర్రలూ ఒకే గొట్టంలో ఉన్నాయని నాకు తట్టనే లేదు. ముందు కోపమొచ్చింది. ఆ వెంటనే గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. బావా, నీ కష్టాలు ఇంకా తీరలేదు! (నవ్వులు) డైరెక్టరు గారూ, కొత్త రైలు మళ్లీ ఆలస్యం; ఈసారి తిట్లు నాకు కాదు.

ఇంతకాలం నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ మన రైల్లోనే ఇంటికి వెళ్తున్నాం. ఎప్పటిలా బ్రేకుల చప్పుడు వింటూ కూర్చోను, హాయిగా నిద్రపోతాను. స్టేషనొస్తే మా ఆవిడే లేపుతుంది. ఆవిడా నిద్రపోతే? అని మాత్రం అడగను.

సెలవు.